సోములమ్మ తీసిన తాళం

అరకులోయ సంతకు వెళ్లే దారి పక్కనున్న పార్కులో సోములమ్మ ఊడ్చేది, బాత్రూంలు కడిగేది. పార్కు రాకముందు ఆ మెట్ట మీద వాళ్ల నాన్న చోళ్లు, వలిసెలు పండించేవాడు. పక్కనే ఊట. సంతకు దిగే జనమంతా అక్కడ బరువులు దించి, దాహం తీర్చుకుని, కాసేపు కూర్చుని వెళ్లేవారు.

పార్కు కడతామని వచ్చినవాళ్లు, ఇంటికో ఉద్యోగమన్నారు, ఊట ఎప్పటిలాగే అందరిదన్నారు. కంచె పడ్డాక ఊట నీళ్లు ఫౌంటెన్‌లోకి పోయాయి. ఉయ్యాలలు, బొమ్మ రైలు, పడవల చెరువు వచ్చాయి. ఉద్యోగమంటే సోములమ్మ చేతికి చీపురొకటి వచ్చింది. గేటు దగ్గర 'ఒకప్పుడిది పనికిరాని బీడు' అని బోర్డు కూడా పెట్టారు. ఎవరో చదివి చెబితే ఆమెకు ఆ పూట ముద్ద దిగలేదు.

"మా నాయిన పండించిన గింజల్తోనే కదా నానింతదాన్నయినాను! బీడంతారేటి?" అంది.

అయినా పని మానలేదు. ఇల్లు గడవాలి కదా.

మొన్న చలికాలంలో ఒక సంత రోజు, కొండ మీది నిర్మల అల్లం గంప దించి గేటు దగ్గర నిలబడింది. నెలలు నిండుతున్న మనిషి. సంతలో ఆడవాళ్లకు మరుగన్నది లేదు.

"పిన్నీ, ఒక్కసారి బాత్రూంకి ఎల్లొస్తాను. ఇంక ఆగలేను," అంది సిగ్గుపడుతూ.

"టికెట్ ఉంటేనే లోపలికి," అన్నాడు గేటు మనిషి.

సోములమ్మ అతని వంక చూడనైనా చూడలేదు. నిర్మల చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించి, బొడ్డున దోపుకున్న తాళాల గుత్తితో, సంత రోజున మూసి ఉంచే బాత్రూం తాళం తీసింది.

పార్కు నడిపే కాంట్రాక్టరు దగ్గరి సూపర్‌వైజరు దేవీప్రసాద్ అది చూశాడు. వచ్చి మూసి ఉన్న తలుపు మీద కర్రతో దబదబా కొట్టాడు. "బయటికి రా! సంత జనానికి కాదిది! అంతా కంపు చేసిపోతారు!"

నిర్మల చీర సర్దుకుంటూ బయటికొచ్చింది. కళ్ల నిండా నీళ్లు.

సోములమ్మకు ఒళ్లు మండిపోయింది. "నాను కడిగీ బాత్రూమే కదా బాబూ! కంపు సేసీదెవురో నీకన్నా నాకు బాగా తెలుసు. లోన ఆడమనిషుంటే తలుపు బాదుతావా? నీ ఇంట్లో ఆడోల్లకైతే ఇలాగే సేత్తావా?"

తాళాల గుత్తి నడుముకు బిగించి కట్టుకుని గేటుకు అడ్డంగా కూర్చుంది. విషయం తెలిసి సంతలోని ఆడవాళ్లు గంపలు వదిలి వచ్చి ఆమె పక్కన చేరారు. టూరిస్టు బస్సులు రోడ్డు పొడవునా నిలిచిపోయాయి. చివరికి ఒక అధికారి జీపు దిగాడు.

"ఏం కావాలమ్మా మీకు?"

"సంత రోజు బాత్రూంలు మాకూ తియ్యాల. మా ఊట నీల్లకి బయటొక కొళాయి ఎయ్యాల. అంతవరకూ లెగం."

అందరి ముందూ ఒప్పుకోక తప్పలేదు ఆయనకు. పది రోజుల్లోపే కంచె బయట కొళాయి వేశారు. సంత రోజున బాత్రూంలకు తాళం వెయ్యడం, వాటికి వెళ్లేవాళ్లను టికెట్ అడగడం మానేశారు.

కానీ ఆ నెలాఖరుకే సోములమ్మను పనిలోంచి తీసేశారు. దేవీప్రసాద్‌ను మాత్రం పైవాళ్లెవరూ పల్లెత్తు మాట అనలేదు. పైగా, క్షమాపణ చెబితే మళ్లీ పనిలో పెట్టుకుంటామని కాంట్రాక్టరు కబురంపాడు.

"తలుపు బాదినోడిది తప్పు కాదట, తీసినదాన్ది తప్పట! ఆ మాట నా నోట రాదని సెప్పు," అని కబురు తెచ్చినవాణ్ణి గుమ్మంలోంచే పంపేసింది సోములమ్మ. ఇప్పుడు సంతలో నిర్మల పక్కన కూర్చుని చిక్కుళ్లు అమ్ముతోంది. ఆ కోపం మాత్రం ఇంకా చల్లారలేదు.