బండిలోనే ఉన్న సేనాని

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున మినప్పప్పు కడుగుతుంటే రేపల్లె నుంచి ఫోను వచ్చింది. మా ఎదురింటి చరిత్ర మాస్టారు పోయారని వాళ్ళమ్మాయి చెప్పింది. పది రోజులు ఉండి వస్తానని కూతురింటికి వెళ్ళిన మనిషి మళ్ళీ తెనాలి రాలేదు.

బాపట్ల కాలేజీలో ఆయన పాఠం విన్నవాళ్ళు మీలో చాలామంది ఉంటారు. నేను ఆయన దగ్గర చదవలేదు. ఆయనకు చూపు తగ్గాక, చెబుతుంటే రాసిపెట్టాను. మూడేళ్ళు, ఆదివారం తప్ప రోజూ, రెండు నుంచి నాలుగు దాకా. రెండవుతుంటే మా గేటు గడియ చప్పుడయ్యేది. ఆయన పేము కుర్చీలో, నేను ఎదురుగా బల్ల దగ్గర. ముందు నిన్నటిది చదివి వినిపించాలి, తర్వాతే కొత్తది.

రాసిందంతా ఒక్క మనిషి గురించే. వెనకటికి రష్యాను ఏలిన మహారాణికి ప్రియుడు, ఆంతరంగికుడు, ఒక కన్ను పోయిన సేనాని. ఈ పాఠం వస్తే క్లాసులో వెనక బెంచీల వాళ్ళు నవ్వేవారట. నవ్వడం అయ్యాక ఆ సేనాని కట్టించిన రేవులు ఎన్నో రాయమనేవారట మాస్టారు. రాణి మోజు రెండేళ్ళలో తీరింది, ఆయన పలుకుబడి మాత్రం చివరిదాకా తగ్గలేదు. నల్లసముద్రం ఒడ్డున కొత్త నేల కలిపినా, ఓడల దళం నిలబెట్టినా ఆయనే. యుద్ధమైనా సంధైనా రాణి ఆయనకు ఉత్తరం రాసి అడిగేది. "ఎందుకు అడిగేది అన్నదే నా పుస్తకమమ్మా" అనేవారు.

నాకు అర్థం కావాలంటే ఎలా చెప్పాలో ఆయనకు తెలుసు. ఒకరోజు ఉన్నట్టుండి, "మీ అమ్మాయికి స్కూలుకెళ్ళేటప్పుడు రెండు జడలేయడానికి ఎంతసేపు పట్టేదమ్మా?" అన్నారు.

"ఇరవై నిమిషాలండి."

"అక్కడ సిపాయిలకీ జడలుండేవి. పైన పౌడరొకటి. ఈయన తీసేయించాడు."

ఆ సంస్కరణల అధ్యాయం నేను మరిచిపోలేదు.

ఒకసారి తప్పు చేశాను. మంచులో నెలల తరబడి కోటను ముట్టడించిన ఘట్టం అది. సేనానికి జబ్బు చేసిందని ఆయన చెబితే, సాఫు ప్రతిలో ముందు 'పాపం' అని చేర్చాను. చదువుతుంటే ఆపారు.

"ఆ పాపం నేను చెప్పానా?"

"లేదండి. అదే వచ్చేసింది."

"కొట్టెయ్యమ్మా. ముందు చలికి చచ్చిన సిపాయిలకి పెట్టు. ఇంకా మిగిలితే ఈయన సంగతి చూద్దాం."

మిగిలింది ఆఖరి అధ్యాయం. సేనాని జబ్బుతో గుర్రపు బండిలో పోతూ, ఇక చాలు, దించమంటాడు. గడ్డి మైదానంలో దారి పక్కన పడుకోబెడతారు. అక్కడే పోతాడు. మాస్టారు ఇదంతా నోటితో చెప్పారు గానీ రాయనివ్వలేదు. "రేపల్లె నుంచి వచ్చాక రాద్దాం. అప్పటిదాకా ఆయన్ని బండిలోనే ఉండనీ" అన్నారు.

పెద్దకర్మ నాడు వాళ్ళమ్మాయి నోటుపుస్తకాలన్నీ నా చేతికిచ్చి, "నువ్వే పూర్తి చెయ్యక్కా, నాన్న మాట ఇంకెవరికీ తెలియదు" అంది. అలాగేనన్నాను.

నిన్న రెండింటికి బల్ల దగ్గర కూర్చున్నాను. అలవాటు ప్రకారం వెనకటి పేజీ పైకి చదివాను. తర్వాత సేనానిని బండి దింపి గడ్డిలో పడుకోబెట్టాను. చూసుకుంటే వాక్యం ముందు పాపం అని ఉంది.

పెన్ను పట్టుకుని, కొట్టెయ్యమ్మా అంటారేమోనని పేము కుర్చీ వైపు చూస్తూ నాలుగు దాకా కూర్చున్నాను.