మోగకూడని బజర్

దయ్యాలున్నాయని నేనెన్నడూ నమ్మలేదు. ముప్పై నాలుగేళ్లు భౌతికశాస్త్రం బోధించినవాణ్ణి. కొలతకు లొంగనిదాన్ని ఉన్నట్టు లెక్కించడం నాకు చేతకాదు. కనుక చూసినంతవరకే రాస్తున్నాను.

పదవీ విరమణ తరువాత ప్రయోగ పరికరాల పెట్టె పట్టుకొని పాతబస్తీ బడులకు వెళ్తుంటాను. హుస్సేనీ ఆలంలో మా ఇంటికి దగ్గరలోని ఒక బడిలో, వేసవి సెలవులకు ముందు, ఏడో తరగతి ఆడపిల్లలకు విద్యుత్ వలయం చూపించాను. పరికరం చిన్నది: రెండు సెల్లులు, ఒక ట్రాన్సిస్టరు, ఒక బజర్, రెండు ఇనుప కడ్డీలు. చెరొక కడ్డీని ఇద్దరు పట్టుకొని, మిగిలినవారు వారి మధ్య చేతులు కలిపి నిలబడితే, ఒంటి గుండా పారే అతి స్వల్ప విద్యుత్తుకే బజర్ మోగుతుంది. ఒక్క చెయ్యి విడిచినా ఆగిపోతుంది.

"షాక్ కొడితే మా అమ్మ మస్తు లొల్లి చేస్తది సార్," అంది శ్రీదేవి అనే పిల్ల. అందరూ నవ్వారు. పక్కనున్న అనిత నవ్వలేదు. ఎడమ చెయ్యి ఇవ్వనూ లేదు.

"గీ చెయ్యి నజ్మాది సార్. ఎవ్వలకియ్య."

క్లాసు టీచరు నన్ను పక్కకు పిలిచింది. "నజ్మా పోయిన నెల జాండిస్‌తోని చనిపోయింది సార్. ఇద్దరిదీ ఒక్కటే బెంచి. అప్పటిసంది ఈమె ఎవ్వరితోని కలుస్తలేదు, ఏం రాస్తలేదు. గిట్లనే ఉంటే బడి మాన్పిస్తమంటున్నరు ఇంట్లో."

నేను బలవంతం చేయలేదు. వలయం తెగితే మోగదని చూపడానికి ఆ ఖాళీ కూడా పనికొస్తుందనుకున్నాను. అనిత చేతికీ శ్రీదేవి చేతికీ మధ్య స్కేలు పెట్టి పిల్లలకు చూపించాను: అరవై సెంటీమీటర్లు. స్కేలు తీసేసి, చివరి ఇద్దరినీ కడ్డీలు పట్టుకోమన్నాను.

బజర్ మోగింది.

అనిత వేళ్లు దేన్నో పట్టుకున్నట్టు ముడుచుకొని ఉన్నాయి. ఖాళీ వైపు చూసి, మామూలుగా, కొంచెం విసుగ్గా అంది: "గంత గట్టిగ పట్టుకోకే, నొస్తుంది."

వేళ్లు విప్పింది. మోత ఆగింది. తరువాత ఒక అడుగు జరిగి శ్రీదేవి చెయ్యి అందుకుంది. మళ్లీ మోగింది, అది మోగవలసిన మోతే.

ఆ పూటే అన్నీ పరిశీలించాను. బండల నేల పొడిగా ఉంది. తీగలు ఎక్కడా ఒకదానికొకటి తగల్లేదు. అదే వరుసలో, అదే ఎడంతో పిల్లలను నిలబెట్టాను. అనితను మళ్లీ అడగడానికి మనసొప్పక ఆమె స్థానంలో టీచరును ఉంచాను. బజర్ మోగలేదు. ఇంటికొచ్చి దాన్ని విప్పి చూశాను, కొత్తది కొని పోల్చాను. ఇప్పటికీ భోజనం మధ్యలో లేచి రెండు కడ్డీలూ పట్టుకొని చూస్తుంటాను. ఒక చెయ్యి వదిలితే ఆగిపోతుంది. ప్రతిసారీ ఆగిపోతుంది.

బడులు తెరిచాక మళ్లీ వెళ్లాను. అనిత శ్రీదేవి పక్కన కూర్చొని రాసుకుంటోంది. ఆ రోజు ఏం జరిగిందమ్మా అని అడిగాను.

"నన్నెందుకు అడుగుతున్నరు సార్? స్కేలు పెట్టి కొలిసింది మీరే గద."

కొలిచింది నేనే. ఆ కొలతలో తప్పు లేదు. ఆ ఎడంలో ఏముందో మాత్రం నేటికీ నాకు తెలియదు.