రెండో ముక్క

కండరాల జబ్బుల మీద ఇరవై ఏళ్ళు పనిచేశాను. ఆ పని మీద ఇష్టం ఇప్పటికీ పోలేదు. పనిచేసిన ల్యాబు ముందు నుంచి వెళ్ళాల్సొస్తే మాత్రం ముఖం తిప్పుకుంటాను.

కిరుమాంబాక్కం అనే తమిళ ఊరి నుంచి ఒక రైతు అక్క మా ఆసుపత్రికి వచ్చేది. మా ఇంట్లోలాగే వాళ్ళింట్లోనూ తెలుగే. కింద కూర్చుంటే, తొడల మీద చేతులు ఆనించి ఒంటిని కొంచెం కొంచెంగా పైకి నెట్టుకుంటే గానీ లేవలేకపోయేది. మేం పరీక్షిస్తున్న మందు వాడకముందు ఒకసారి, వాడాక ఒకసారి ఆమె తొడ నుంచి గోరంత కండ కోసి తీశారు. రెండోసారి మత్తు సరిగా పట్టలేదు. నొప్పికి ఏడుస్తుంటే నేను ఆమె చెయ్యి పట్టుకుని నిలబడ్డాను.

ఆ రెండో ముక్కను ఇంకా పరీక్షించకముందే, పండగ సెలవుల్లో ఫ్రీజర్ ఆగిపోయింది. వచ్చి తలుపు తీస్తే కుళ్ళిన మాంసం కంపు. ముక్కు మూసుకుని అన్నీ సంచిలోకి ఎత్తి పారేశాం.

కొన్నాళ్ళకు మా విభాగాధిపతి ఒక వైద్య పత్రికకు రాసిన వ్యాసం నా బల్ల మీదికి వచ్చింది. అందులో ‘మందు వాడాక’ అంటూ మైక్రోస్కోపులో తీసిన ఆమె కండ ఫోటో. చూడగానే గుర్తుపట్టాను. అది మొదటి ముక్కే. కుడిఎడమలు తిప్పి, రంగు పెంచారు. వ్యాసం మీద ఆయన పేరు తరవాత నాదే.

ఆయన గదికి వెళ్ళి అడిగాను.

“సార్, రెండో ముక్క పారేశాం కదా?”

“మిగతా పేషెంట్ల రిజల్ట్స్ బాగున్నాయి కదమ్మా. ఒక్క ఫోటోకి ఇంత రాద్ధాంతమా? ముందు స్వీటు తీసుకో.”

ఆ రోజే ఆయనకు ప్రమోషన్ వచ్చింది. లడ్డూల పెట్టె నా వైపు జరిపాడు. నేను తీసుకుని తిన్నాను. మూడు వారాలు నోరు మెదపలేదు.

అప్పుడు ఆ అక్క వచ్చింది.

“ఏందమ్మా, రెండోతూరి కోసినారే, దాంట్లో ఏం కనిపించె? నాకు బాగైతా ఉండాదా?”

“చూడలేదక్కా. చెడిపోయింది. పారేశాం.”

ఆమె చీర మీదుగా తొడ మీది కోతను తడుముకుంది.

“ఆ పొద్దు చెయ్యి పట్టుకుంటివే. ఇది చెప్పేదానికి నోరు రాలేదా నీకు?”

ఆ సాయంత్రమే పత్రికవాళ్ళకు ఉత్తరం రాశాను. వ్యాసం ఆగింది. విచారణలో అది ‘పొరపాటు’గా తేలింది. ఆయన కుర్చీ కదల్లేదు. నన్ను మాత్రం పరిశోధన నుంచి తప్పించి అక్కడే వైద్య విద్యార్థులకు పాఠాలు చెప్పే పనికి వేశారు. వరండాలో ఎదురైతే ఆయన నవ్వుతూ పలకరిస్తాడు. నేనూ నమస్కారం పెడతాను. పెట్టాక చేతులు కడుక్కోవాలనిపిస్తుంది.