రిసెప్షనక్క ఫ్రెంచి టీచరైన ఏడాది

ఫ్రెంచి టీచరు కావాలన్న ఆలోచన ఆమెకు ఒక వేడినీళ్ల ఫిర్యాదు వల్ల వచ్చింది.

అప్పటికి ఆమె ఒక హోటల్లో రిసెప్షన్ బల్ల వెనక పదేళ్లకు పైగా నిలబడి ఉంది. పెళ్లికి ముందెప్పుడో మోజుపడి ఫ్రెంచిలో డిగ్రీ చేసింది. ఆ డిగ్రీ పుణ్యమా అని, ఫ్రెంచి మాట్లాడే అతిథి ఎవరు దిగినా వాళ్ల గోడు వినే బాధ్యత ఆమె నెత్తిన పడేది. ఒకరోజు ఒక పెద్దాయన కుళాయిలో వేడినీళ్లు రావడం లేదని చెడామడా తిట్టి, ఆమె క్షమాపణలన్నీ ఓపిగ్గా విని, వెళ్లబోతూ, "మీ ఫ్రెంచి ఎంత బాగుందో! మీరు టీచరా?" అన్నాడు. అంతే, ఆమె గాల్లో తేలిపోయింది. చెవి మిషన్లో బ్యాటరీ అయిపోయింది, తెప్పించమన్నది ఆయన రెండో ఫిర్యాదని ఆమెకు తర్వాత గుర్తొచ్చింది. గుర్తొచ్చేసరికి ట్రైనింగ్ కాలేజీలో సీటు కూడా వచ్చేసింది.

ఆమె భర్తకు కళ్లద్దాల కొట్టు ఉంది. సంగతి విని, చేతిలో ఉన్న అద్దం తుడుచుకుంటూనే అన్నాడు.

"నీ మాట మన పిల్లే వినదు. ఊళ్లో పిల్లలు వింటారా?"

"మన పిల్లకి నేను చెప్పేది అర్థమవుతుంది కాబట్టి వినదు. వాళ్లకి అర్థం కాదుగా, వింటారు."

ఆ మాటకు తనే గర్వపడింది. అందులో సగం తప్పని తేలడానికి ఎంతోకాలం పట్టలేదు. పిల్లలకు అర్థమూ కాలేదు, వాళ్లు విననూ లేదు.

డిగ్రీ అయినవాళ్లకు అది ఏడాది కోర్సు. వారంలో సగం కాలేజీలో పాఠాలు వినాలి, మిగతా సగం ఒక హైస్కూల్లో పాఠాలు చెప్పాలి. తోటివాళ్లంతా నిన్నగాక మొన్న డిగ్రీ చేతికొచ్చినవాళ్లు. వాళ్ల మధ్య ఈమె, పెళ్లికూతురి పక్కన కూర్చున్న మేనత్తలా ఉండేది. మొదటి రోజు లెక్చరరు క్లాసులోకి రాగానే అలవాటు కొద్దీ లేచి తలుపు పట్టుకుని, "ప్రయాణం బాగా జరిగిందా సార్?" అని అడిగింది. ఆయన పై అంతస్తు నుంచి దిగి వచ్చాడు. ఆరోజు నుంచి అందరికీ ఆమె రిసెప్షనక్క.

హైస్కూల్లో ఆమెకు పని నేర్పే బాధ్యత ఒక పెద్ద మేడమ్‌ది. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. నవ్వదు, కోప్పడదు, వెనక బెంచీలో కూర్చుని చూస్తుంది. రిసెప్షనక్క మొదటి పాఠం తొమ్మిదో తరగతికి. గది నిండా చెప్పుల చప్పుడు, కిటికీ పక్క ఒక ఫ్యాను కిర్రుకిర్రుమంటూ తిరుగుతోంది. దడ పుట్టినప్పుడు నోటికి ఏది అలవాటో అదే వస్తుంది. చేతులు కట్టుకుని, పళ్లన్నీ కనిపించేలా నవ్వి, అచ్చమైన ఫ్రెంచిలో, "స్వాగతం. మీకు నేనేవిధంగా సాయపడగలను?" అంది. అర్థం కాలేదేమోనని అదే తెలుగులోనూ చెప్పింది.

వెనక వరసలోంచి ఒక పొడుగు జడ పిల్ల లేచింది. "మేడమ్, ఫ్యాను గోల చేస్తోంది."

"క్షమించండి మేడమ్, ఇప్పుడే మనిషిని పంపిస్తాను," అంది రిసెప్షనక్క.

క్లాసు గొల్లుమంది. ఆమె నాలుక కరుచుకుంది గాని, బాణం విల్లు దాటిపోయింది. ఆ తర్వాత ఒకడు దిండు కావాలన్నాడు. ఇంకొకడు గది మార్చమన్నాడు. గంట కొట్టేలోగా ఆమె నేర్పినది 'బోంజూరు' అనే ఒక్క నమస్కారం. అది వాళ్లకు ముందే వచ్చు.

స్టాఫ్‌రూమ్‌లో పెద్ద మేడమ్ టీ గ్లాసు చేతికి తీసుకుంది.

"మీరు పాఠం చెప్పలేదమ్మా. గదులు అప్పగించారు."

"తప్పయిపోయిందండీ."

"అదీ మానెయ్యండి. పిల్లల్ని అండీ గిండీ అనకండి, వాళ్లు భయపడతారు. ఫ్రెంచిలో 'మీరు' కాకుండా 'నువ్వు' అనే మాట ఒకటుంది కదా?"

ఉంది. కానీ ఉద్యోగంలో చేరాక దాన్ని ఒక్కసారీ వాడే అవసరం రాలేదు. అతిథిని నువ్వంటే ఆ సాయంత్రానికి ఉద్యోగం ఉండేది కాదు. ఇంటికొచ్చి, అన్నం తింటున్న కూతురి ముందు నిలబడి ఫ్రెంచిలో నువ్వు, నువ్వు అని సాధన మొదలుపెట్టింది. కూతురిదీ తొమ్మిదో తరగతే, వేరే స్కూల్లో.

"అమ్మా, నన్ను తిడుతున్నావా?"

"లేదే. ప్రాక్టీసు."

"మొహం చూస్తే తిడుతున్నట్టే ఉంది. అలాగే ఉంచు, బాగుంది."

ఆ మొహం కొంత పనికొచ్చింది. అల్లరి తగ్గింది. అయితే అంతకంటే పెద్ద చిక్కు పొడుగు జడ పిల్ల రూపంలో వచ్చింది. ఫ్రెంచిలో ప్రతి వస్తువూ ఆడదో మగదో అయి తీరాలి. పుస్తకం మగది, బల్ల ఆడది.

"బల్ల ఆడదెందుకైంది మేడమ్?"

"కనుక్కుని చెప్తాను," అంది రిసెప్షనక్క. హోటల్లో ఆ మాట అద్భుతంగా పనిచేసేది, ఎందుకంటే అతిథి రెండోరోజు ఖాళీ చేసి వెళ్లిపోతాడు. పిల్లలు ఖాళీ చెయ్యరు. రోజూ ఆమె గుమ్మంలో అడుగు పెట్టగానే, "కనుక్కున్నారా మేడమ్?" అని క్లాసంతా ఒక్క గొంతుతో అడిగేది. ఆమె కాలేజీలో లెక్చరర్ని అడిగింది. ఆయన లాటిన్ దాకా వెళ్లి, అక్కడే దారి తప్పి, బెల్లు కొట్టడంతో బతికిపోయాడు.

ఇలా ఉండగా కాలేజీ నుంచి పరీక్షాధికారి ఆమె పాఠం చూడటానికి వచ్చాడు. ఆరోజు పాఠం బజారులో కూరగాయలు కొనడం. నిమిషానికి నిమిషం ఏం చెయ్యాలో రాసుకుంది, ప్లాస్టిక్ వంకాయలు కూడా తెచ్చింది. ఆయన పెద్ద మేడమ్ పక్కన కూర్చుని పెన్ను తీయగానే పొడుగు జడ పిల్ల చెయ్యెత్తింది.

"కనుక్కున్నారా మేడమ్?"

మరో 'కనుక్కుని చెప్తాను' ఆ పిల్ల ముందు చెల్లదు.

"నాకు తెలీదు," అంది. ఆ మాట అన్నాక ఏదో ఒకటి అనాలి కాబట్టి, "సరే, నువ్వు చెప్పు. బండి వచ్చింది అంటాం. అమ్మ వచ్చింది అంటాం. నాన్న మాత్రం వచ్చాడు. మనమెందుకు అలా అంటాం?" అంది.

క్లాసు భగ్గుమంది. అమ్మా బండీ ఒకటేనా అని ఆడపిల్లలు లేచారు. మేం పెట్టామా ఆ రూలు అని మగపిల్లలు ఎదురుతిరిగారు. "దీనికంటే ఫ్రెంచే నయం మేడమ్, కనీసం అమ్మకి తోడుగా బల్లకీ ఆడదన్న మర్యాద ఇచ్చారు," అంది పొడుగు జడ. గదిలో ఉన్న వస్తువుల్లో ఏది ఆడది, ఏది మగది అని ఫ్రెంచిలో పందేలు మొదలయ్యాయి. ఫ్యాను మగదని తేలింది. గోల చేస్తుంది, గాలి తక్కువ అని ఆడపిల్లలు దానికి కారణం కూడా చెప్పారు. వంకాయలు సంచిలోంచి బయటికే రాలేదు.

పరీక్షాధికారి ఆమెను ఫెయిల్ చేశాడు. పాఠం ప్రణాళిక ప్రకారం జరగలేదన్నాడు, అది నిజమే.

స్టాఫ్‌రూమ్‌లో ఆమె మొహం మాడ్చుకుని కూర్చుంటే, పెద్ద మేడమ్ తన టీ ఆమె ముందుకు జరిపింది.

"ఇన్నేళ్లలో నేను చూసిన మంచి పాఠాల్లో ఇదొకటి. మళ్లీ ఎప్పుడూ ఆయన ముందు చెప్పకండి."

నెల తర్వాత ఆయన మళ్లీ వచ్చాడు. ఈసారి పొడుగు జడ పిల్లను ముందే బతిమాలుకుంది. పిల్లలు జాలిపడి, బుద్ధిగా వంకాయలు కొన్నారు, బుద్ధిగా చిల్లర తీసుకున్నారు, ఇద్దరు కళ్లు తెరిచే నిద్రపోయారు. పరీక్షాధికారి సంతోషంగా పాస్ చేశాడు. ఫెయిలైన రోజు కలిగిన ఆనందంలో సగం కూడా ఆరోజు ఆమెకు కలగలేదు. అయినా స్వీట్లు పంచింది, పంచకపోతే పాసయ్యానని ఇంట్లో నమ్మరని.

ఊరికి అవతలి చివర ఒక స్కూల్లో ఉద్యోగం దొరికింది. చేరిన రోజే ప్రిన్సిపాల్ మర్యాదగా కూర్చోబెట్టి, ఫ్రెంచికి పీరియడ్లు తక్కువ కాబట్టి ఆటల పీరియడ్లు కూడా చూసుకోమన్నాడు. పదేళ్లు 'తప్పకుండా సార్' అన్న నోరు ఇంకేమంటుంది? ఈల ఒకటి ఇచ్చారు. మొదట్లో ఊదితే గాలి తప్ప ఈల రాలేదు. ఇప్పుడు రోజూ పొద్దున్నే బాల్కనీలో నిలబడి సాధన చేస్తోంది. కింది ఇంటివాళ్లు తమ కుక్కర్ కూత అనుకుని స్టవ్ ఆపుకుంటున్నారని భర్త చెప్పాడు. ఆమె దాన్ని మెప్పుగానే తీసుకుంది.