కార్డు మీద ఖాళీ గీత

పోయిన శుక్రవారం నమాజు అయ్యాక మసీదు మెట్లు దిగుతుంటే, మా ఎల్లారెడ్డి ఊళ్లోని పుస్తకాల సార్ పొద్దున చనిపోయారని ఎవరో చెప్పారు. చెప్పులు వేసుకోవడానికి నాకు కొంచెం సేపు పట్టింది.

బడి నౌకరీ అయిపోయాక సార్ మా వాడలో ఒక గది నిండా పుస్తకాలు పెట్టారు. ప్రతి పుస్తకానికీ ఒక కార్డు, దాని మీద వివరాలు. మా నాన్నను మేం అబ్బా అనేవాళ్లం. పశువులకు మందులు చేసేవారు. ఏ రోగానికి ఏ ఆకో ఉర్దూలో రెండు నోటుబుక్కుల్లో రాసి పెట్టారు. ఆయన పోయాక ఒకటి నేను సార్ గదికి ఇచ్చాను. రెండోది కామారెడ్డిలో ఉండే మా చెల్లెలు అక్కడ పాత వస్తువులు దాచే ఒక గదికి ఇచ్చింది.

నేను ఇచ్చిన రోజు సార్ లేరు. ఎవరు రాశారని అక్కడున్నాయన అడిగితే, మా అబ్బా అన్నాను. ఎక్కువ మాట్లాడటం నాకు రాదు. ఆయన కార్డు మీద 'రాసినవారు: అబ్బా' అని రాసేశాడు. కామారెడ్డిలోనేమో 'పాత ఉర్దూ పుస్తకం' అని రాసి, రాసినవారి చోట మా చెల్లెలి పేరు పెట్టారు.

డోంగ్లి అనే ఊరి నుంచి ఒక పశువుల డాక్టరమ్మ ఇలాంటి రాతల కోసమే వచ్చి, రెండు చోట్లా కార్డులు తిరగేసి, లేవనుకుని వెళ్లిపోయింది. ఆ సంగతి తెలిసి సార్ నన్ను పిలిపించారు.

"భాయ్, మీ అబ్బాకు పేరు లేకుండెనా?"

నేను తల దించుకునే అబ్బా పూర్తి పేరు చెప్పాను. సార్ మూడు రోజులు నాతో నోటుబుక్కు చదివించుకుని, ఉర్దూ అక్షరాలు నన్ను అడిగి కొత్త కార్డు రాశారు. పూర్తి పేరు, ఊరు, భాష, దేని గురించి రాశారన్నది. ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఒకసారి.

తర్వాత కామారెడ్డి బస్సెక్కారు. మా పద్ధతి మాకుందని అక్కడివాళ్లు అన్నారట. "మీ పద్ధతి మీరు ఉంచుకోండ్రి. ఈ నాలుగు గీతలు మాత్రం ఇద్దరం ఒక్క తీరుగ రాద్దాం. గక్కడ అడిగినోనికి ఇక్కడిది గూడ దొరకాలె" అన్నారట సార్. నాలుగోసారి పోతే ఒప్పుకున్నారు. రెండు చోట్ల కార్డులూ కంప్యూటర్‌లో ఒకే జాబితాలోకి ఎక్కాయి. అబ్బా పేరు కొడితే రెండు నోటుబుక్కులూ ఒకదాని కింద ఒకటి వచ్చాయి. డాక్టరమ్మ మళ్లీ వచ్చి, కూర్చుని రాసుకుపోయింది.

ప్రతి కార్డు కింద సార్ ఒక గీత ఖాళీగా వదిలేవారు. ఎందుకని ఒకసారి అడిగాను.

"మనకన్న తెలిసినోళ్లు వస్తరు భాయ్. జాగ ఉంచాలె."

నిన్న ఆ గదికి వెళ్లాను. కార్డుల పెట్టె నిండా సార్ చేతిరాతే. ఆయన పేరు మాత్రం ఒక్క కార్డు మీదా లేదు. అబ్బా కార్డు తీసి, కింది గీత మీద పెన్సిలుతో సార్ పూర్తి పేరు రాశాను. ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఒకసారి. దాని కింద ఇంకో గీత గీసి, ఖాళీగా ఉంచాను.