అందుకునేవారి పేరు

ఆమెకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది గానీ, ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఇప్పుడు బ్యాంకులోనూ ఆసుపత్రిలోనూ తప్ప ఎక్కడా లేరు. మిగతా అందరికీ ఆమె బొంతలక్క. మనిషి పొట్టి, నోరు పెద్దది. కోపం వస్తే చేతిలో కత్తెర పక్కన పెట్టి మరీ తిడుతుంది. తిడుతూ కత్తిరిస్తే గుడ్డ తప్పుగా తెగుతుందని ఆమె భయం. తెగితే అలాంటి గుడ్డ మళ్ళీ దొరకదు.

ఎందుకు దొరకదంటే, అవన్నీ పోయినవాళ్ళ బట్టలు. బీరువాలో ఉంచుకుని రోజూ చూడలేక, పారేయడానికి మనసొప్పక సతమతమయ్యేవాళ్ళు వాటిని మూటగట్టి ఆమెకు పంపుతారు. ఆమె వాటిని ఉతికి, జానెడేసి ముక్కలు చేసి, బొంత కుట్టి, ఒక మూల పోయినవాళ్ళ పేరు దారంతో కుట్టి వెనక్కి పంపుతుంది. వాళ్ళు బతికుండగా పేరు రాసుకున్న కాగితమేదైనా జతచేస్తే, ఆ రాత మీదే సూది నడిపి అచ్చం వాళ్ళ చేతిరాతనే దించేస్తుంది. ఈ సరుకును ఆన్‌లైన్‌లో పెడదామన్న ఆలోచన మాత్రం ఆమె తోడికోడలిది. ఫోటోలు, ఆర్డర్లు, పార్శిల్ మీద అతికించే లేబుళ్ళు చిన్నామె చూసుకుంటుంది. కత్తెర, సూది, తిట్లు పెద్దామెవి. రెండు కొప్పులు ఒకచోట ఇమడవంటారు గానీ, చేతినిండా పనుంటే ఎన్ని కొప్పులైనా ఇముడుతాయి.

బొంత కుట్టడం ఒక ఎత్తు, దాన్ని మనిషికి చేర్చడం ఒక ఎత్తు. లోకంలో సగం మందికి సొంత చిరునామా సరిగ్గా రాయడం రాదని ఆమెకు ఈ వ్యాపారంలోకి దిగాకే తెలిసింది. ఇంటి నంబరు మరిచిపోయి 'నీలం గేటు' అని రాసినవాళ్ళున్నారు. ఫోన్ దానంతటదే దిద్దిన పేరును చూసుకోకుండా పంపినవాళ్ళున్నారు. ఒకావిడ తన భర్త పేరులో ఒక అక్షరం మింగేసి పంపితే, బొంతలక్క ఆ తప్పునే బొంత మీద కుట్టేసింది. విషయం తెలిసి ఆవిడ, "పోనీలెండి, బతికున్నన్నాళ్ళూ ఆయన పేరు ఎవరూ సరిగ్గా పలకనేలేదు" అని ఉంచేసుకుంది.

అసలు తలనొప్పి వేరే. ఆర్డరు ఫారంలో రెండు గడులుంటాయి. ఒకటి బొంత మీద కుట్టాల్సిన పేరు, రెండోది పార్శిల్ అందుకునేవారి పేరు. కళ్ళనిండా నీళ్ళతో ఫారం నింపేవాళ్ళు రెండు గడుల్లోనూ పోయినవాళ్ళ పేరే రాసేస్తారు. అలా ఒకసారి ఓ ముసలాయన ఇంటికి ఆయన భార్య పేరుతో పార్శిల్ వెళ్ళింది. 'చిరునామాదారు మరణించారు' అని ముద్ర వేయించుకుని తిరిగొచ్చింది. ఆ ముద్ర చూసి బొంతలక్క ఆ పూట అన్నం తినలేకపోయింది. అప్పటినుంచి ఒక నియమం పెట్టుకుంది. లేబుల్ అతికించేముందు ప్రతివాళ్ళకీ తనే ఫోన్ చేసి, "అందుకునేది ఎవరండీ?" అని అడుగుతుంది. నాలుగేళ్ళలో ఒక్కసారే తప్పింది.

ఆ ఒక్కసారి ఒక తల్లి విషయంలో. మందుల ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి. భర్త ఎప్పుడో విడిపోయి వెళ్ళాడు, ఇంట్లో ఆమె, ఎనిమిదేళ్ళ కూతురు. కూతురు నాలుగు రోజుల జ్వరంలో పోయింది. ఏడాది తిరిగాక ఆ తల్లి పాప బట్టలన్నీ పంపింది. ఏడు గౌన్లు, రెండు స్కూలు యూనిఫాంలు, ఒక నోటుపుస్తకం అట్ట. "ఒక్కటీ ఉంచుకోలేదండీ. ఒకటి ఉంచుకుంటే అన్నీ ఉంచుకుంటాను" అంటూ ఫోన్‌లోనే బావురుమంది. ఆ ఏడుపు బొంతలక్కను వారం రోజులు వదల్లేదు. అట్ట మీద పాప తన పేరు తనే రాసుకుంది. చివరి అక్షరం తోకను పైకి లాగి, దాని చివర చిన్న సున్న చుట్టింది. ఆ సున్న చుట్టడానికి బొంతలక్కకు ఒక మధ్యాహ్నమంతా పట్టింది.

పార్శిల్ కట్టేరోజు తోడికోడలు అడిగింది.

"ఆ తల్లికి ఫోన్ చేశావా అక్కా?"

"చేశాను" అంది బొంతలక్క.

చెయ్యలేదు. ఆ ఏడుపు మళ్ళీ వినే ఓపిక లేక చెయ్యలేదు. ఫారంలో ఉన్న పేరే లేబుల్ మీదికెక్కింది. నన్నడిగితే, ఇంత నోరున్న మనిషి జీవితంలో ఆడిన ఒకే ఒక్క అబద్ధం అంత చిన్నదై ఉండటమే ఆశ్చర్యం.

నాలుగోరోజు మధ్యాహ్నం తల్లి ఫోన్ చేసింది. "ఇంకా రాలేదండీ" అంది. తోడికోడలు కంప్యూటర్లో చూసింది. మొన్న పదకొండింటికే అందినట్టు ఉంది. 'చిరునామాదారు స్వయంగా అందుకున్నారు' అని ఉంది.

"స్వయంగా అంటే ఏంటే?" అంది బొంతలక్క.

తోడికోడలు లేబుల్ మీది పేరు చూపించింది, పాప పేరు. ముద్ర వేయించుకుని తిరిగొచ్చినా బాగుండేది. ఆ పాప బట్టలు ఈ లోకంలో ఇంకెక్కడా లేవు, ఉన్నవన్నీ ఆ బొంతలోనే ఉన్నాయి. అది పోతే ఆ తల్లికి తను ఏం చెప్పాలి?

"పక్కింటి పిల్ల ఎవరైనా తీసుకుందేమో అక్కా" అంది తోడికోడలు.

"అయితే దాని చెవి మెలేసి తెప్పిస్తాను."

అప్పుడు తోడికోడలు సంతకం తెరిచింది. పార్శిల్ ఇచ్చేవాళ్ళు ఫోన్ మీద వేలితో పెట్టించుకునే సంతకం. ఎంత చదువుకున్నవాళ్ళు పెట్టినా కోడి గీకినట్టే ఉంటుంది. ఇదీ వంకరగానే ఉంది. కానీ చివరి అక్షరం తోక పైకి లేచింది, దాని చివర చిన్న సున్న ఉంది. బొంతలక్క కుడిచేతి వేళ్ళు ఒళ్ళో వాటంతటవే కదిలాయి. ఒక మధ్యాహ్నమంతా నడిచిన దారి వాటికి కళ్ళకన్నా ముందు తెలిసింది.

"అది ఆ పిల్ల రాతే" అంది.

"ఊరుకో అక్కా."

"నేను కుట్టానే ఆ సున్నని."

కొరియర్ ఆఫీసుకు ఇద్దరూ మార్చిమార్చి ఫోన్లు చేసి, తలప్రాణం తోకకొచ్చాక, ఆ వీధిలో పార్శిళ్ళు ఇచ్చే అతని నంబరు సంపాదించారు. అతను నిదానస్తుడు.

"రోజుకి ఎనభై ఇస్తాను మేడం, అన్నీ గుర్తుండవు. ఇది గుర్తుంది" అన్నాడు.

"ఎందుకు గుర్తుంది?"

"పాప పెద్దవాళ్ళ స్వెటర్ వేసుకుంది. మండుటెండలో. చేతులు వేలాడుతుంటే మడతలు పెట్టుకుని గానీ సంతకం చెయ్యలేకపోయింది."

"మీరు పేరు అడగలేదా బాబూ?"

"అడిగాను. చెప్పింది. లేబుల్ మీదా అదే ఉంది. పేరు కలిస్తే ఇవ్వడమే కదండీ మా పని. ఇంట్లో ఎవరూ లేరా అంటే, అమ్మ డ్యూటీకి వెళ్ళిందంది. ఏమైనా తేడా వచ్చిందా?"

"లేదు" అంది బొంతలక్క. ఫోన్ పెట్టేసే ముందు, "ఎంతుంటుంది పాప?" అని మాత్రం అడిగింది.

"గుమ్మం పక్కన కాలింగ్ బెల్ ఉంది చూడండి, సరిగ్గా దాని ఎత్తు."

ఆ తల్లికి ఫోన్ చెయ్యడానికి బొంతలక్క గంటసేపు కాలు కాలిన పిల్లిలా గదంతా తిరిగింది. ఇంకో అబద్ధం చెప్పొచ్చు. పోయిందమ్మా, వెతికిస్తున్నాం అనొచ్చు. తోడికోడలు అదే చెప్పమంది. కానీ మొదటి అబద్ధం ఎక్కడికి తీసుకొచ్చిందో చూశాక రెండోదానికి నోరు రాలేదు.

"తప్పు నాదమ్మా" అని మొదలుపెట్టింది. "లేబుల్ మీద ఎవరి పేరు రాయాలో మిమ్మల్ని అడగాల్సింది. మీ ఏడుపు వినలేక అడగలేదు. పాప పేరుతో పంపేశాను." తర్వాత సంతకం గురించి చెప్పింది, స్వెటర్ గురించి చెప్పింది. ఏడుస్తుందేమోనని బొంతలక్క కళ్ళు మూసుకుని కూచుంది. ఆ తల్లి ఏడవలేదు.

"ఏం రంగు స్వెటర్?" అంది.

"అడగలేదమ్మా."

"నాది ఒకటి తలుపు వెనక కొక్కేనికి ఉంటుంది. మంగళవారం వచ్చేసరికి కింద పడుంది. నేనే పడేసుకున్నానేమో అనుకుని తీసి తగిలించాను. చేతులకి మడతలుంటే, ఎప్పుడు పెట్టానబ్బా అనుకుని విప్పేశాను. అవునులెండి. దాని బట్టలన్నీ మీకే పంపేశాను కదా. వేసుకోవడానికి దానికి ఇంట్లో ఏమున్నాయి?"

తను ఆ ఏడు గౌన్లనూ కత్తెరతో ముక్కలు చేసిన సంగతి అప్పుడు బొంతలక్క తలకెక్కింది.

"బొంత వెతికిస్తానమ్మా" అంది, ఏదో ఒకటి అనాలని.

"వద్దు. దానిది అది తీసుకుంది. ఎంత పొడుగుందన్నాడు?"

"బెల్ అంత ఎత్తన్నాడు."

ఆ తల్లి ఫోన్ పట్టుకునే నడిచి వెళ్ళింది. తలుపు తీసిన చప్పుడు వినపడింది. బెల్ ఒకసారి మోగింది, చెయ్యి తగిలినట్టుంది. తిరిగొచ్చినప్పుడు ఆమె గొంతు మారింది. ఆ మార్పు బొంతలక్కను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టింది, ఎందుకంటే ఆ గొంతులో సంతోషం ఉంది.

"పోయేనాటికి నా భుజం కిందికొచ్చేదండీ. బెల్ దానికన్నా నాలుగు వేళ్ళు పైకుంది" అంది. "ఒక గౌను కుట్టిపెడతారా? కొత్త గుడ్డతో. తొమ్మిదేళ్ళ పిల్లకి. చేతులు మాత్రం పొడుగు పెట్టకండి, పాపం మడుచుకోలేక అవస్థ పడింది."

కొత్త బట్టలు కుట్టనని బొంతలక్క నాలుగేళ్ళుగా ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

"అందుకునేది ఎవరమ్మా?" అని అడిగింది.

"దాని పేరే రాయండి. నా పేరు రాస్తే నేనే తీసుకోవాల్సొస్తుంది. పదకొండింటికి నేను ఇంట్లో ఉండనని పార్శిల్ అతనికి చెప్పండి. నేనుంటే వస్తుందో రాదో."

మర్నాడు పొద్దున బొంతలక్క పసుపుపచ్చ గుడ్డ తెప్పించింది. నోరెత్తకుండా కొలిచింది, కత్తిరించింది, మిషను ముందు కూచుంది. తిట్లు లేని ఆ గదిలో తోడికోడలికి ఊపిరాడలేదు. చివరికి పార్శిల్ కట్టడానికి గౌను చేతికి తీసుకుని, అంచు తిరగేసి చూసింది. మామూలుగా రెండు వేళ్ళుండే లోపలి మడత జానెడుంది.

"ఇంత మడత ఎందుకు వదిలావక్కా?"

"పెరిగే పిల్ల కదే" అంది బొంతలక్క, లేబుల్ మీద పేరు రాస్తూ.