మట్టిగుట్ట మీద తెల్ల గద్ద

మనిషి పరువు పోవడానికి దొంగతనమో దొమ్మీనో చెయ్యనక్కర్లేదండీ. మెడలో ఒక దుర్భిణి వేలాడితే చాలు. గోదావరిఖనిలో, పట్టపగలు, హైదరాబాదు అతిథుల సమక్షంలో నా పరువు ఎలా పోయిందో చెబుతాను, వినండి.

నేను బొగ్గు కంపెనీ వర్క్‌షాపులో ఫిట్టర్ని. అప్పటికి నాకు పక్షుల పిచ్చి కొత్తగా పట్టింది. కాకికీ కోకిలకూ తేడా తెలిసింది కాబట్టి నన్ను నేను పక్షి శాస్త్రవేత్తల్లో జమకట్టేసుకున్నాను.

ఒకరోజు షిఫ్టు దిగి బండి మీద వస్తుంటే, మాంసం కొట్ల పైన తిరుగుతున్న గద్దల గుంపులో ఒకటి తెల్లగా కనిపించింది. తెలుపంటే మామూలు తెలుపు కాదు, అప్పుడే ఇస్త్రీ చేసిన పెండ్లికొడుకు పంచె తెలుపు. గబగబా ఫోన్ తీసి ఫొటో కొట్టాను. ఫొటోలో కరెంటు తీగ మాత్రం అద్భుతంగా వచ్చింది.

ఇంటికొచ్చి చెబితే నా భార్య లలిత బియ్యం ఏరుతూ తల కూడా ఎత్తలేదు.

"మన దగ్గర తెల్లంగి ఏసుకపోతే మాపటికి నల్లగైతది. గద్ద తెల్లగెట్లుంటదయ్యా?"

"గద్ద డ్యూటీకి పోతదా?"

"నువ్వు పోతవ్ గదా. జల్ది తిని పండుకో."

నా దోస్తు, ఆటో మెకానిక్ యూసుఫ్ ఇంకొంచెం దయగా మాట్లాడాడు. "ఫికర్ చెయ్యకు సత్తన్నా. దవాఖానల కండ్ల డాక్టరు మంచోడే."

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. పక్షి ప్రేమికుల వాట్సాప్ గ్రూపులో ప్రకటించేశాను. నేను చెమట తుడుచుకునేలోపే వసుంధర మేడం ఫోను. ఆవిడ హైదరాబాదులో రిటైరైన టీచరు, గ్రూపుకంతటికీ పెద్దదిక్కు.

"సత్తయ్య గారూ, అది కొత్త జాతేం కాదండీ. మామూలు గద్దే, పుట్టుకతో ఈకలకు రంగు రాలేదంతే. కానీ అలాంటిదాన్ని చూడాలని ఎన్నేళ్ళుగానో తిరుగుతున్నాను. ఇప్పుడేమో మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. చూపిస్తారా?"

"ఎందుకు చూపియ్య మేడం! రోజూ వస్తది."

ఆ 'రోజూ' అన్న మాట ఎక్కణ్నుంచి ఊడిపడిందో నాకిప్పటికీ తెలియదు.

ఆదివారం తెల్లారేసరికి మేడం, ఆవిడ శిష్యులిద్దరు ఫిరంగుల్లాంటి కెమెరాలతో దిగారు. యూసుఫ్ ఆటో తెచ్చాడు. కోడి వేపుడు డబ్బా పట్టుకుని లలిత కూడా ఎక్కింది.

"నువ్వెందుకే?"

"వాళ్ళు నిన్ను కొడితె అడ్డముండాలె గదా!"

ఆ గద్దలు తెల్లారి వాలే చోటు కదా అని, ఓపెన్‌కాస్టు గని నుంచి తవ్విపోసిన మట్టిగుట్ట ఎదురుగా, రోడ్డు పక్కన ఆగాం. వెనకవైపు గోదావరి. పొగమంచు దుప్పటి కప్పినట్టుంది. అందులో, గుట్ట వాలు మీది మోడు కొమ్మన, ఏదో తెల్లగా కదిలింది!

"అదిగో!" అని గుసగుసగా అరిచాను. గుసగుసగా అరవడం ఎలాగో ఆ రోజే నేర్చుకున్నాను.

"కొంచెం దగ్గరికి వెళ్దామా?" అన్నారు మేడం.

"వద్దు మేడం, ఎగిరిపోతది."

దగ్గిన యూసుఫ్‌ను కళ్ళతోనే కాల్చేశాను. వచ్చే బస్సుకు అడ్డం పోయి, హారన్ కొట్టొద్దని దండం పెట్టాను. డ్రైవర్ తిట్టిన తిట్లు మీకు చెప్పను. వాటిలో పక్షుల ప్రస్తావన లేదు. ఇక ఆపైన నా ఉపన్యాసం.

"చూడున్రి మేడం, ఎంత ఓపికనో! రెక్క గట్ల లేపిందంటె ఎండకు ఆరబెట్టుకుంటున్నట్టు."

"ఎండేది?" అంది లలిత.

ఎండ వచ్చింది. రాకపోయినా బాగుండేది.

"సత్తన్నా, గద్ద రెక్క మీద ఏందో రాసున్నది," అన్నాడు యూసుఫ్.

"ఏం రాసున్నదిరా?"

"యూరియా."

తెల్లనివన్నీ పాలు కావన్నారు పెద్దలు. కొన్ని ఎరువు సంచులు కూడా అని ఇంకొక్క ముక్క కలిపి ఉంటే వాళ్ళ సొమ్మేం పోయేదండీ!

మేడం కోప్పడి ఉంటే బతికిపోయేవాణ్ని. ఆవిడ ఓ రాయి మీద కూర్చుని, మోకాలు నిమురుకుంటూ, "పోన్లెండి సత్తయ్య గారూ, ఈ వంకన గోదావరిని చూశాను" అన్నారు. లలిత డబ్బా మూత తీసి అందరికీ వేపుడు పెట్టి, కోడికాలు నా చేతికిచ్చింది.

తినలేకపోయాను. లేచి నిలబడి, ఆ కోడికాలు ఆకాశానికెత్తి, "ఒట్టు మేడం! మొన్న నేను చూసింది సంచి కాదు. గిట్లనే, నెత్తి మీద తిరుగుకుంట..." అంటున్నాను.

నెత్తి మీద గాలి బుస్సుమంది. చేతిలో కోడికాలు లేదు!

"ఓరి దేవుడో!" అని బొక్కబోర్లా పడి, తల కప్పుకుని, కళ్ళు గట్టిగా మూసుకున్నాను. పైన కెమెరాలు టకటకమంటున్నాయి. యూసుఫ్ "సుభానల్లా!" అంటున్నాడు. నేను ధైర్యం చేసి లేచేసరికి ఆకాశం ఖాళీ. మేడం మాత్రం ఏ ఆసరా లేకుండా నిటారుగా నిలబడి ఉన్నారు, కళ్ళ నిండా నీళ్ళతో.

"ఎంత తెలుపండీ! కళ్ళు మాత్రం నల్లగా, మిలమిలా..."

"ఏదీ? ఎటు పాయె?"

"పాయె అన్నా," అన్నాడు యూసుఫ్, "ముక్కతో సహా."

మేడం పంపిన ఫొటో ఇప్పుడు మా ముందుగదిలో ఉంది. పైన రెక్కలు పరిచిన తెల్ల గద్ద, ఈక ఈకా లెక్కపెట్టుకోవచ్చు. కింద మట్టిలో ఒక మనిషి వీపు. వచ్చినవాళ్ళంతా "ఆ కిందున్నదెవరు?" అని అడుగుతారు.

"మా ఆయనే," అంటుంది లలిత. "అందరికి చూపిస్తనని తోల్కపోయిండు. తీరా వస్తె ఈయనొక్కడే కండ్లు మూసుకున్నడు."

కాబట్టి గోదావరి సాక్షిగా, నా దుర్భిణి మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: చేతిలో మాంసం ముక్క ఉండగా ఈ జన్మలో పక్షుల గురించి నోరెత్తను. ఎత్తక తప్పకపోతే, ముందు వంకాయ ముక్క చేతిలోకి తీసుకుంటాను.